పదిహేడో వరుసలో ఎర్రగీత

ఆ షోలాపూర్ కాలేజీలో కంప్యూటర్లు రెండే. రెండో ఏడు ఫిజిక్సు చదివే పిల్లలు తొమ్మిదిమంది. ఎనిమిదిమంది పేర్లు ఇద్దరిద్దరుగా, ఎవరు ఏ గంటకు కూర్చోవాలో సహా నోటీసుబోర్డు మీద పడ్డాయి. తొమ్మిదో పేరు ద్రౌపదిది. దాని ఎదురుగా జోషి సర్ మరాఠీలో ‘హాతానే’ అని ఒక్క మాట రాశాడు. చేత్తో చెయ్యమని.

ద్రౌపది వెళ్లి అడిగింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ నవ్వాడు. “మీ నాన్న చద్దర్లకు డిజైన్లు గీస్తాడు కదా? గడులు నింపడం మీ ఇంట్లో అలవాటే. నీకు కంప్యూటర్ ఎందుకు?” అన్నాడు. కంప్యూటర్ క్లాసులకు పోయివచ్చిన ఎనిమిదిమందీ పకపకా నవ్వారు.

ఆయన దృష్టిలో అది పెద్ద సంగతేం కాదు. మరునిమిషానికి మరచిపోయి ఉంటాడు. ద్రౌపది మాత్రం ఏప్రిల్ ఎండలో, చుట్టచుట్టిన కాగితాలు చంకలో పెట్టుకుని, తెలుగు నేతగాళ్లుండే దాజీ పేట దాకా ఆ నవ్వును మోసుకుంటూ నడిచి వచ్చింది.

గడపలో తల్లి గోదావరి చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. కూతురి మొహం చూసింది గానీ చేతులు ఆపలేదు. చూపుకీ చేతికీ సంబంధం తెగిపోయి ఇరవై ఏళ్లయింది ఆవిడకు.

“ఏందే బిడ్డా, మూతి గట్ల వెట్టుకున్నవ్?”

“కంప్యూటర్ నాకొక్కదానికి ఇయ్యలేదవ్వా. చేతితోని చెయ్యాల్నట. నాయిన డిజైన్లు గీస్తడు గదా అని నవ్విండు.”

లోపల మగ్గాల చప్పుడు పక్కింటి గోడలోంచి టకటకా వస్తూనే ఉంది. అప్పుడే కార్ఖానా నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న పెంటప్పకు ఆ మాట వినబడింది. చెంబు అక్కడే పెట్టేశాడు. జకార్డ్ చద్దర్లకు నక్షలు గీసే పని ముప్పై ఏళ్లుగా ఆయనది. నెమలి గానీ, గులాబీ గానీ, తాజ్‌మహల్ గానీ, ముందు ఆయన గ్రాఫ్ కాగితం మీద గడులుగా పుట్టాలి. ఆ గడుల ప్రకారం అట్టలకు చిల్లులు కొట్టాలి. ఆ చిల్లుల ప్రకారం మగ్గం మీద పోగులు లేవాలి. షోలాపూర్ చద్దరు మీద ఏ పువ్వు విరిసినా ముందు ఆయన చేతిలో విరియాల్సిందే. అలాంటి పనిని నవ్వులాటకు వాడారంటే ఆయన ఒళ్లు మండింది.

“చేతితోని అంటే తక్కువనా? ఏంది బిడ్డా ఆ పని, జూపియ్.”

ద్రౌపది కాగితాలు పరిచింది. రెండు పెద్ద తావులు. నిలువుకు నలభై ఎనిమిది, అడ్డానికి నలభై ఎనిమిది. అన్నీ అంకెలే. పెంటప్ప ముక్కు మీద వేలేసుకున్నాడు.

“ఇది ఒక చుక్క నాయినా. పేలిపోయింది. ఎనభై ఏడుల కనవడ్డది.”

“చుక్కలు గూడ పేల్తయా?”

“పెద్ద చుక్కలు కొన్ని పేల్తయ్. లోపలి సరుకు అయిపోతే కూలి, ఫట్టుమని పేల్తయ్. ఆకాశంల ఒక దుర్భిణి తిరుగుతాంది. కిందికెల్లి చూస్తే నడుమ గాలి అడ్డమొస్తది, పొయ్యి సెగలకెల్లి గోడను చూసినట్టు అంతా కదులుతది. అందుకే దుర్భిణినే పైకి తోలిన్రు. అది చూసి, ఒక్కొక్క గడిల ఎంత వెలుగు వడ్డదో లెక్కవెట్టి అంకెలు పంపుతది. ఈ తావు తొంభై నాలుగుది. ఇది పోయినేడుది, తొంభై ఏడుది. రెండిటికీ రంగులు నింపి, ఏం మారిందో చెప్పాలె. పూణెల చుక్కల సంగతి చదివేటోళ్లు జవాబు కవర్ల వెట్టి పంపిన్రు. సరిగ్గ చెప్పినోళ్లను సెలవులల్ల ఆ పని నేర్పెతందుకు మూడు వారాలు పూణెకు పిలుస్తరు. ఒక్కరినే.”

ఆఖరి రెండు మాటల దగ్గర గొంతు సన్నబడింది. గోదావరి చేతులు ఒక్కసారి ఆగాయి. కూతురికి అది ఎంత కావాలో ఆ గొంతు చెప్పేసింది.

పెంటప్ప ఇంకా కాగితం దగ్గరే ఉన్నాడు. “గడికో అంకె. అంకెకో రంగు,” అన్నాడు నెమ్మదిగా. “ఇది మన నక్షనే కదే పిల్లా!”

*

నక్ష పనిలో ఒకరు చదవాలి, ఒకరు రాయాలి. చదివేవాళ్లు రాయకూడదు, రాసేవాళ్లు చదవకూడదు. కన్ను అటూ ఇటూ తిరిగితే గడి తప్పుతుంది. సోమవారం, మంగళవారం పొద్దు గూకే ముందు రెండేసి గంటలు తండ్రీ కూతుళ్లు ఏటవాలు బల్ల ముందు కూర్చున్నారు. ద్రౌపది అంకెల కింద ఇనుప స్కేలు జరుపుతూ చదివింది. పెంటప్ప ప్రతి అంకెనూ గ్రాఫ్ గడిలో సన్నటి పెన్సిల్‌తో చీమ కాలంత రాశాడు.

“మూడు, నాలుగు, నాలుగు, మూడు, ఏడు…”

“ఊఁ.”

“పదకొండు, ఇరవై రెండు, నలభై, నలభై ఒకటి…”

“ఊఁ. నిమ్మళంగ.”

ఆ ‘ఊఁ’ లేకపోతే చదివేవాళ్లు ముందుకు పోకూడదు. అదీ పద్ధతే. మధ్యలో గోదావరి వేడివేడి జొన్నరొట్టె, పల్లీల సేంగచట్నీ తెచ్చి పెట్టి, “తండ్రీబిడ్డలు గా చుక్కనే తిని బత్కుతరా ఏంది?” అని కసిరింది. రొట్టె తిన్న చేత్తో కాగితం ముట్టొద్దని పెంటప్ప కూతురి చేతులు రెండుసార్లు కడిగించాడు.

వరుసలు పెరిగేకొద్దీ గడుల్లో ఒక ఆకారం తేలింది. నడుమ మసకగా ఒక ముద్ద. దాని చుట్టూ కోడిగుడ్డులా సాగిన ఒక ఉంగరం. ఉంగరమంతా నలభై, నలభై ఒకటి, నలభై రెండు. మూలల్లో రెండు మామూలు నక్షత్రాలు, డెబ్బైలు ఎనభైలు. పెంటప్ప కాగితాన్ని చేతిదూరంలో పెట్టి కళ్లు చికిలించాడు.

“మంచిగున్నదే. చద్దరు నడిమిట్ల వేస్తే పతకంలెక్క ఉంటది.”

ద్రౌపది నవ్వింది. సోమవారం మధ్యాహ్నం తర్వాత ఆ పిల్ల నవ్వడం అదే మొదలు. పెంటప్పకు ఆ నవ్వు చాలు. ఆకాశంలో ఇంకో పది నక్షత్రాలు పేలినా కూర్చుని గీసేవాడు.

బుధవారం చీకటితోనే లేచి రంగులు కలిపాడు. పదిలోపు నలుపు, ఆపైన నీలం, ఆపైన ఎరుపు, నలభైలకు పసుపు, అరవై దాటితే తెలుపు. తెల్లవారాక ద్రౌపది నల్లా దగ్గర నీళ్ల వరుసకు పోయింది. ఆయన ఒక్కడే కుంచె పట్టాడు. అప్పటికి పాత తావు అయిపోయింది. కొత్త తావు పదిహేడో వరుసలోకి వచ్చాడు.

పసుపు, పసుపు, పసుపు. పక్క గడిలో ఆయన చేత్తో ఆయనే రాసిన అంకె: అరవై మూడు.

కుంచె ఆగింది. అచ్చుకాగితం తీసి చూశాడు. అక్కడా అరవై మూడే. ఉంగరం పొడుగునా నలభైలుండి, ఒక్కచోట అరవై మూడేమిటి? పసుపు ఉంగరంలో ఒంటి తెల్లగడి! నక్షగాడి కంటికి అది తెగిన పోగు. అట్టలో చిల్లు తప్పు పడితే చద్దరు మీద సరిగ్గా ఇలాగే తేలుతుంది. బేరగాడు అందమైన నెమలినంతా వదిలేసి ఆ ఒక్క చుక్క మీదే వేలు పెడతాడు. ‘యంత్రం తప్పు చెయ్యదా ఏంది? మన జకార్డ్ దినానికి పదిసార్లు చేస్తది. అంత దూరం నుంచి అంకెలు పంపేటిది ఒక్కటి తప్పదా?’ అనుకున్నాడు. నలభై మూడు అయి ఉంటుంది పాపం అని జాలిపడి, ఆ గడిని పసుపుతో నింపేశాడు. బిడ్డ పనిలో మచ్చ ఉండకూడదు కదా.

నింపాక, పద్ధతి ప్రకారం చెవి మీది ఎర్రపెన్సిల్ తీశాడు. ఆ వరుస చివర అంచులో చిన్న ఎర్రగీత పెట్టి, పక్కన గడి లెక్కా, అసలు అంకె ‘63’ రాశాడు. నక్షలో ఎక్కడ చెయ్యి పెట్టినా గీత పెట్టాలి, అంతకుముందు ఏముందో రాయాలి. దొంగచాటుగా దిద్దినవాడు నక్షగాడు కాదు, దొంగే. ఇది ఆయనకు పని నేర్పిన మాట. ముప్పై ఏళ్లలో ఒక్కనాడు తప్పలేదు.

ద్రౌపది బిందెతో వచ్చేసరికి రెండు పటాలూ ఆరుతున్నాయి. రెండు ఉంగరాలూ పక్కపక్కన, నిగనిగలాడుతూ, ఒకదాని అచ్చు ఒకటి. అంచున ఎర్రగీత కనబడలేదా అంటే, కనబడింది. ఆ ఇంట్లో ప్రతి కాగితం మీదా అలాంటి గీతలుంటాయి. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నది కంటికి ఆనుతుందా? పెన్ను తీసుకుని కింద రాసింది: నడిమి ముద్ద మసకబారింది. ఉంగరంలో మార్పు లేదు.

*

గురువారం సాయంత్రం ద్రౌపది తల్లి పక్కన కూర్చుని కత్తెరతో తునికాకు కత్తిరిస్తోంది. పటాలు సర్ బీరువాలో పెట్టి తాళం వేశాడట. శనివారం అందరి ముందూ కవరు విప్పుతాడట. పెంటప్ప చాయ్ తాగుతూ వింటున్నాడు.

“సర్ ఇయ్యాల ఒక మాట జారిండు అవ్వా. పూణెకెల్లి ఫోన్‌ల చెప్పిన్రట, మొదలు లేనిది ఒకటి కొత్తగ వచ్చిందని. గింతంతనట, చూసేటోనికి కన్నుండాలె అన్నడు. నాకు మాత్రం ఏం కనవడలేదు. ఎంత ఎతికిన్నో!”

పెంటప్ప కప్పు కింద పెట్టి లోపలికి పోయాడు. ట్రంకుపెట్టె మీద ఉన్న అచ్చుకాగితాలు తీసి పాత తావు పదిహేడో వరుసలో వేలు పెట్టాడు. ఆ గడిలో నలభై ఒకటి. కొత్త తావులో అదే గడి. అరవై మూడు.

అక్కడే చతికిలబడ్డాడు. ఎవరికి తెలుస్తుంది అన్న ఆలోచన వచ్చింది. వచ్చినమాట నిజం. బిడ్డకు కనబడలేదు, పూణె పోతే పోయింది అని ఊరుకుంటే ఈ ఇంట్లో ఎప్పటిలా తెల్లవారుతుంది. మరి అంచులో గీత పెట్టిన చెయ్యి ఇది కాదా? కాగితాలు పట్టుకుని బయటికి వచ్చాడు.

“బిడ్డా,” అన్నాడు. గోదావరి తలెత్తి చూసింది. ఆయన గొంతు అలా ఎన్నడూ వినలేదు ఆవిడ. “కొత్తది వచ్చింది. నేను తుడిసిన.”

చెప్పాడు. ఉన్నదున్నట్టు, ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. ద్రౌపది కాగితాలు లాక్కుని చూసింది. నలభై ఒకటి. అరవై మూడు.

“నిన్నెవ్వరు దిద్దుమన్నరు నాయినా? ఇది నెమలి గాదు, చద్దరు గాదు! ఎట్లుంటే గట్లనే పెట్టాలె. మంచిగ కనవడాల్నని ఎవ్వరడిగిన్రు?”

పెంటప్ప తల దించుకుని నిలబడ్డాడు, చద్దరులో తప్పు పట్టినప్పుడు కూడా ఎవరి ముందూ దించని తల. గోదావరి, “ఊకో బిడ్డా, నీ మంచికే గదా…” అనబోయింది. “మంచికే! అందరికీ మంచికే!” అని ద్రౌపది కత్తెర విసిరి లోపలికి పోయింది. ఆ పూట పెంటప్ప కంచంలో రొట్టె అలాగే ఎండిపోయింది.

మర్నాడు శుక్రవారం. ద్రౌపది కాలేజీకి పోలేదు. బల్ల ముందు కూర్చుని స్కేలుతో ఏవో గడులు లెక్కపెడుతోంది, పుస్తకం తిరగేస్తోంది, లెక్కలు రాస్తోంది. కార్ఖానా నుంచి వచ్చిన పెంటప్ప చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు. దగ్గరకు పోవాలని ఉంది. పోతే ఏమంటుందో అని భయం. కన్నబిడ్డంటే భయమేమిటి అంటారేమో. తప్పు చేసినవాడికి పసిపిల్లన్నా భయమే.

చివరికి ఆ పిల్లే తల తిప్పకుండా అంది: “ఆ ఉంగరం పేలినప్పటిది గాదు. పేలకముందే, ఇరవై వేల ఏండ్ల కింద ఆ చుక్క ఇడిసిన పొగ. అది అప్పటిసంది చీకట్ల గట్లనే ఉన్నది. పేలినంక ఆ దెబ్బ ఉరుకుడు వెట్టింది. పదేండ్లు ఉరికింది. ఉంగరం సమంగ లేదు, ఒక్కచోట లోపలికి ఒంగి ఉండొచ్చు. అక్కడ ముందుగాల తాకింది. తాకినకాడ భగ్గుమన్నది. దూరం లెక్కగట్టిన. సరివోయింది.”

“అయితే నేను తుడిసింది…”

“మంట తాకిన జాగ.”

పెంటప్ప గోడకు చేరగిలబడ్డాడు. పదేళ్లు పరుగెత్తి వచ్చిన మంటను ఒక కుంచెపోటుతో ఆర్పేశాడు తను. కళ్లు తుడుచుకున్నాడు. ద్రౌపది చూసింది. లేచి పోయి గిన్నెలోంచి రొట్టె, చట్నీ పెట్టి కంచం ఆయన ముందు జరిపింది.

“రేపు నేనొస్త కాలేజీకి. తప్పు నాదని చెప్త,” అన్నాడు.

“ఏం ఫాయిదా? రావద్దు.”

*

రావద్దంటే ఆగుతాడా? శనివారం కార్ఖానాకు నాగా పెట్టి, ఉతికిన చొక్కా, తెల్లటోపీ వేసుకుని కూతురికి పది అడుగుల వెనక నడిచాడు. ద్రౌపది రెండుసార్లు వెనక్కి చూసింది. మూడోసారి ఆగి, ఆయన కలిసేదాకా నిలబడింది.

పెంటప్ప లేబరేటరీ గుమ్మం బయటే చెప్పులు విడిచి నిలబడ్డాడు. లోపల బల్ల మీద నాలుగు కంప్యూటర్ ప్రింట్లు, వాటి పక్కన చేత్తో రంగులు నింపిన పటం. జోషి సర్ కవరు చించి చదివాడు. “ఉంగరంలో ఒక చోట కొత్తగా ప్రకాశించిన బిందువు. పదిహేడో వరుస, ముప్పై ఒకటో గడి.”

ఒక్కో ప్రింటు మీదికీ వంగి చూశాడు. మొదటిది నున్నటి ఉంగరం. రెండోదీ అంతే. మూడు, నాలుగు కూడా. కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. “అరే! ఎవరి దాంట్లోనూ లేదేమిటి?”

అభిజీత్ అని, క్లాసులో మొదటి మార్కుల పిల్లవాడు. బుర్ర గోక్కున్నాడు. “సర్, ఒంటి చుక్కలేమైనా ఉంటే చెత్తే అనుకుని ముందే ‘సాఫ్’ బటన్ నొక్కాం. అందరం దాన్నే వాడుకున్నాం.”

“ఎక్కడెక్కడ పోయిందో చూడండి మరి.”

“తెలీదు సర్. సాఫ్ చేసిందే దాని మీదే సేవ్ అయిపోయింది.”

జోషి సర్ నిట్టూర్చి, “సరే. ఎవరికీ రాలేదు కాబట్టి మార్కుల ప్రకారం అభిజీత్ వెళ్తాడు,” అని ఫైలు విప్పాడు. పూణెకు పంపాల్సిన ఉత్తరం అందులో టైపు చేసి సిద్ధంగా ఉంది, అభిజీత్ పేరుతో సహా. తేదీ సోమవారంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! అంకెల కాగితాలు చేతికిచ్చిన రోజే జవాబెవరిదో రాసేసుకున్నాడన్నమాట పెద్దమనిషి. బల్ల పక్కనే ఉన్న ద్రౌపది ఆ తేదీ చూసింది. చూసి తండ్రి వైపు తిరిగింది.

ఆ చూపుకు పెంటప్ప ఇక ఆగలేకపోయాడు. గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. ఆయన మరాఠీలో సగం తెలుగే.

“సర్, నేను ద్రౌపది తండ్రిని. రంగులు నింపింది నేను. పోరి అంకె సరిగ్గనే చదివింది. మచ్చలెక్క ఉన్నదని నేనే మూసిన. తప్పు నాది, పోరిది గాదు.”

“ఏది మూశారు?”

“గీత పెట్టి ఉన్నది చూడున్రి.”

జోషి సర్ పటాన్ని వెలుతురులోకి జరుపుకున్నాడు. అంచున ఎర్రగీత. దాని పక్కన చీమ కాలంత అంకెలతో 31, ఆ పక్కన 63. ఆయన వేలు ఆ గీత మీద ఉండిపోయింది. కవర్లోని కాగితం మళ్లీ చూశాడు. మళ్లీ గీతను చూశాడు. ఎనిమిదిమందీ మెడలు సాచారు. ఎవరూ నవ్వలేదు.

“ఇది ఎప్పుడు రాసింది?”

“బుధవారమే సర్,” అంది ద్రౌపది. “పటం అప్పటి నుంచి మీ బీరువాలోనే ఉంది. మా పనిలో పద్ధతి అది. చెయ్యి పెట్టినచోట గీత పెట్టాలి, ముందేముందో రాయాలి. నేనే చూసుకోలేదు. నా తప్పు కూడా ఉంది.” అని, నిన్న లెక్క కట్టిన కాగితం తీసి ఆయన ముందు పెట్టింది. దెబ్బ పదేళ్లలో ఎంత దూరం వచ్చిందో, ఉంగరాన్ని ఆ ఒక్కచోటే ముందు ఎందుకు తాకి ఉంటుందో చెప్పింది. మొదట మెల్లగా, తర్వాత చేతులు తిప్పుతూ చెప్పింది. పెంటప్పకు ఆ మరాఠీ, ఇంగ్లీషు మాటల్లో సగం అందలేదు. కూతురి చేతులు గాలిలో గీసిన ఉంగరం మాత్రం అందింది.

జోషి సర్ లెక్క చివరిదాకా చదివాడు. తలెత్తాడు.

“తుడిచింది అందరూ. ఎక్కడ తుడిచామో చెప్పగలిగింది ఈ పటం ఒక్కటే,” అన్నాడు. తర్వాత, ద్రౌపది వైపు చూడకుండా, “కంప్యూటర్ నీకు ఇవ్వాల్సింది నేను,” అన్నాడు.

“ఆమెను పంపండి సర్,” అన్నాడు అభిజీత్. ఎర్రబడ్డ మొహంతోనే అన్నా, అన్నాడు.

జోషి సర్ టైపు చేసిన ఉత్తరం దగ్గరకు లాక్కుని, జేబులోని పెన్ను తీసి ఆ పేరు కొట్టేశాడు. పైన ‘కుమారి ద్రౌపది పెంటప్ప’ అని రాశాడు. ఇంటిపేరు అడిగి అదీ రాశాడు. కాగితం మడవబోయాడు.

“సర్,” అన్నాడు పెంటప్ప.

అందరూ ఆయన వైపు చూశారు. ఆయన చెవి మీది ఎర్రపెన్సిల్ తీసి, రెండు చేతులతో, ఎంతో మర్యాదగా బల్ల మీద పెట్టాడు.

“దిద్దిన్రు గదా సర్. పక్కకు గీత పెట్టున్రి.”

జోషి సర్ ఆ పెన్సిల్‌ను చూశాడు, ఆ మనిషిని చూశాడు, ఉత్తరం మీది సోమవారం తేదీని చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. అయినా పెన్సిల్ తీసుకున్నాడు. ఉత్తరం అంచున చిన్న ఎర్రగీత గీసి, దాని పక్కన, అంతకుముందు ఎవరి పేరుందో పొడి అక్షరాలతో రాశాడు.

పెంటప్ప వంగి చూసి, “ఊఁ,” అన్నాడు.